సాధన పుస్తకమూ, పిచ్చాపాటీ

ఒకే అభిరుచి గల నలుగురు ఒకచోట చేరి సంఘంగా ఏర్పడిన తరువాత, ఏడాది తిరగకముందే రెండు విధాలైన ఫిర్యాదులు బయలుదేరటం సహజం. అది చదరంగం ఆడేవారి సంఘం కావచ్చు, తెల్లవారుజామున కళాశాల మైదానంలో పరుగు తీసేవారి జట్టు కావచ్చు, ఆదివారంనాడు చెరువుగట్ల వెంట పక్షులను చూడబోయే ఉపాధ్యాయుల బృందం కావచ్చు. మొదటి ఫిర్యాదు ఇది: వచ్చినవారు వచ్చిన పని విడిచి ధరలను గురించి, పిల్లల చదువులను గురించి, నిన్నటి వానను గురించి మాట్లాడుకొంటున్నారు. రెండవది దీనికి కొంత భిన్నమైనది: ప్రతివాడూ తన స్వంత సాధన లెక్క వ్రాసిన పుస్తకం ఒకటి పట్టుకొని వచ్చి, నిన్న ఎన్ని చుట్లు తిరిగాడో, మొన్న ఎన్ని ఎత్తులలో ఓడిపోయాడో అందరికీ చదివి వినిపిస్తున్నాడు. కార్యదర్శి గట్టివాడైతే ఈ రెంటినీ నిషేధిస్తూ నియమావళిలో రెండు పంక్తులు చేరుస్తాడు. మెత్తనివాడైతే విని ఊరుకొంటాడు. చిత్రమేమంటే, మెత్తని కార్యదర్శి గల సంఘాలే ఎక్కువకాలం బ్రతుకుతూ ఉంటాయి.

ఫిర్యాదులలో నిజం లేదని కాదు. చదరంగపు బల్ల ముందు కూర్చున్నవాడు ఎత్తు ఆలోచించుకొంటూ ఉండగా ప్రక్కన ఇద్దరు చేరి పెళ్ళి భోజనాల వర్ణన మొదలుపెడితే వాని ఏకాగ్రత ఏమి కావాలి? అయినా, రోగం కంటె మందు ప్రమాదకరమైనప్పుడు వైద్యుడు ఒకసారి ఆగి ఆలోచించటం మంచిది.

పనికిమాలిన మాటలకు తెలుగువారు పెట్టుకొన్నన్ని పేర్లు పనికివచ్చే మాటలకు పెట్టుకొన్నట్లు లేదు. పిచ్చాపాటీ, బాతాఖానీ, ఉబుసుపోక కబుర్లు, చొల్లు కబుర్లు, లోకాభిరామాయణం, ఈ విధంగా ఎన్నయినా చెప్పవచ్చు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క రుచి. లోకాభిరామాయణంలో కొంత మర్యాద ఉన్నది. చొల్లు కబుర్లలో అది లేదు. తెలంగాణంలో ముచ్చట అంటే మాట, సంభాషణ. కోస్తా జిల్లాలలో అదే మాటకు వేడుక, ఇష్టం అని అర్థం. ఒక ప్రాంతంవారికి మాట అయినది మరొక ప్రాంతంవారికి సంతోషమయింది. నిఘంటుకర్తలు దీనిని రెండు అర్థాలుగా వేరు చేసి చూపుతారు గాని, వీధి అరుగు మీద కూర్చున్నవారికి ఆ రెండూ వేరుగా కనిపించవు.

సంఘంలో పిచ్చాపాటీ చేసే పని ఏమిటో, అది ఆగిపోయినప్పుడు గాని తెలియదు. క్రొత్తగా చేరిన బాలుడు పెద్దలముందు తన ఎత్తుల తప్పొప్పులు అడగటానికి జంకుతాడు. కాని ఏ ఊరు, ఎవరి అబ్బాయివి, సైకిలు మీద వచ్చావా, బస్సులో వచ్చావా అని ఎవరైనా పలకరిస్తే జవాబు చెబుతాడు. ఆ జవాబుతో వాని నోరు తెరుచుకొంటుంది. చదరంగాన్ని గురించి తప్ప మరొక మాట మాట్లాడరాదని గోడమీద వ్రాసిపెట్టిన చోట, తనకు దూరపు గళ్ళు మసకగా కనిపిస్తున్నవని ఆ బాలుడు ఏ సందర్భంలో చెప్పగలడు? పోటీ రుసుము కట్టటానికి ఇంట్లో డబ్బు లేదని ఏ నియమం క్రింద విన్నవించుకొంటాడు? పరుగు ముగిసిన తరువాత గట్టుమీద కూర్చుని, కాఫీ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, మూడు రోజులనుంచి ఎడమ భుజంలో ఏదో లాగుతున్నట్లున్నదని ఒక పెద్దమనిషి యథాలాపంగా అంటాడు. ప్రక్కవాడు ఉలిక్కిపడి వైద్యుని దగ్గరకు తీసుకొనిపోతాడు. అది పరుగుకు సంబంధించిన మాటా, కాదా? వరుసగా రెండు ఆదివారాలు రానివానిని గురించి ఎవరో ఒకరు అడుగుతారు. వాని పరుగు వేగం ఎవరికీ జ్ఞాపకం ఉండదు గాని, వాని కబుర్లు లేని లోటు మాత్రం అందరికీ తెలుస్తుంది.

పక్షుల విషయంలోనూ ఇంతే. కలివికోడి అనే పక్షిని గురించి తెలుగు విద్యార్థులకు తెలిసి ఉండాలి. జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1848 ప్రాంతంలో దీనిని పండిత లోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించకపోవటంవల్ల అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు తలచారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, లంకమల కొండల దాపున ఉన్న పొదల అడవిలో అది మళ్ళీ దొరికింది. పట్టి చూపినవారు స్థానికులు. రాత్రివేళ తిరిగే ఆ పక్షికి వారి నోట పేరు కూడా ఉన్నది. గ్రంథాలలో మాత్రం అది చచ్చిపోయింది. అడవి అంచు పల్లెకు పోయిన పక్షి శాస్త్రజ్ఞుడు పక్షిని గురించి తప్ప మరేమీ మాట్లాడనని భీష్మించుకొని కూర్చుంటే వేటగాడు నోరు విప్పుతాడా? వానలు ఎట్లా ఉన్నవి, మేకలు ఎట్లా ఉన్నవి అని అడిగే ఓపిక ఉన్నవానికే అట్టి సంగతులు దొరుకుతాయి.

పిచ్చాపాటీకి ఒక క్రమం కల్పించి, దానినుంచి ఫలం తీసినవానిలో అమెరికా దేశస్థుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను మించినవాడు లేడు. 1727లో, అతడు ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళ అచ్చుపనివాడుగా ఉన్నప్పుడు, ఫిలడెల్ఫియా నగరంలో జంటో అనే పేరుతో చిన్న సంఘం పెట్టాడు. పరస్పరాభివృద్ధి దాని ఆశయం. శుక్రవారం సాయంకాలం సమావేశాలు. సభ్యులు పన్నెండుమంది; వారిలో చెప్పులు కుట్టే వృత్తిలో పెరిగినవాడు, అద్దాలు బిగించేవాడు, భూములు కొలిచేవాడు, వడ్రంగి, గుమాస్తా ఉన్నారు. ప్రతి సమావేశంలోనూ అడగవలసిన ఇరవై నాలుగు ప్రశ్నలు అతడు వ్రాసిపెట్టాడు. ఇటీవల చదివిన పుస్తకంలో చెప్పదగినది ఏమైనా ఉన్నదా అనేది మొదటి ప్రశ్న. అది సంఘాశయానికి తగినదే. కాని తరువాతి ప్రశ్నలు చూడండి: ఈ మధ్య ఊరిలో వ్యాపారం దెబ్బతిన్నవారు ఎవరు, ఎందువల్ల? ఊరికి క్రొత్తగా వచ్చినవారిలో యోగ్యులు ఎవరైనా ఉన్నారా? సభ్యులు మీకు ఏ విధంగా సహాయపడగలరు? మన అరుగుల మీద అనాదిగా నడుస్తున్న సంభాషణ అంతా ఈ ప్రశ్నలలో ఉన్నది. ఒక్కొక్క ప్రశ్నకు నడుమ ఒక గ్లాసు ద్రాక్షసారాయి పోసుకొని త్రాగేటంత వ్యవధి ఉండాలని కూడా అతడు నిర్ణయించాడు. ఆ ఏర్పాటును మన ఉపాధ్యాయ సంఘాలు అనుకరించనక్కరలేదు. వ్యవధి మాత్రం ఉండాలి.

ఈ సంఘంలో అద్దాలు బిగించే పనివాడు గాడ్ఫ్రే స్వయంకృషివల్ల గొప్ప గణితజ్ఞుడయ్యాడు. ఎవరు ఏ మాట అన్నా అది గణిత సూత్రమంత కచ్చితంగా ఉండాలని పట్టుబట్టి, చిన్న చిన్న విషయాలకు కూడా ఆక్షేపణలు చెప్పి సంభాషణ చెడగొట్టేవాడని ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్రలో వ్రాశాడు. అతడు త్వరలోనే సంఘం విడిచిపోయాడు. మాటలు తూచి పుచ్చుకొనే త్రాసు ఒకటి ప్రతి సంఘంలోనూ ఉంటుంది. అది పోయిన తరువాత మిగిలినవారు నలభై ఏండ్లపాటు కలిసి ఉన్నారు. సభ్యులు తమ తమ పుస్తకాలు ఒక గదిలో చేర్చి అందరూ చదువుకొందామనుకొన్నారు. ఆ ఏర్పాటు సరిగా సాగలేదు. కాని ఆ ఆలోచననుంచే 1731లో చందాదారుల గ్రంథాలయం పుట్టింది. అది నేటికీ ఉన్నది.

ఆ ఫ్రాంక్లినే సాధన పుస్తకానికి కూడా ఆదర్శం కావటం విశేషం. మితాహారం, మౌనం, క్రమం, పొదుపు మొదలైన గుణాలను అలవరచుకోదలచి అతడు ఒక చిన్న పుస్తకం కుట్టుకొన్నాడు. గుణానికి ఒక పుట. పుటకు ఏడు నిలువు గళ్ళు, వారానికి ఏడు రోజులు గనుక. ఏ రోజు ఏ గుణానికి భంగం కలిగితే ఆ గడిలో నల్లచుక్క. వారానికి ఒక గుణం మీద ప్రత్యేక శ్రద్ధ. పదమూడు వారాలకు ఒక ఆవృత్తి. ఏడాదికి నాలుగు ఆవృత్తులు. పాత చుక్కలు చెరిపి క్రొత్త చుక్కలు పెట్టగా పెట్టగా కాగితాలకు చిల్లులు పడ్డాయట. అప్పుడు దంతపు రేకుల మీద గళ్ళు గీయించి, తడి స్పాంజితో తుడిచే ఏర్పాటు చేసుకొన్నాడు. తాను అనుకొన్నదానికంటె ఎన్నో రెట్లు దోషాలు తనలో ఉన్నవని ఈ పుస్తకంవల్ల తెలిసివచ్చిందని అతడు దాచకుండా చెప్పాడు. వస్తువులను వాటి వాటి స్థానాలలో పెట్టుకొనే క్రమగుణం మాత్రం అతనికి ముసలితనం వరకూ పట్టుబడలేదు.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. అతడు మొదట వ్రాసుకొన్న గుణాలు పన్నెండే. పదమూడవది వినయం. అది అతనికి స్వయంగా తోచలేదు. నీవు గర్విష్ఠివని నలుగురూ అనుకొంటున్నారు, మాటలలో అది కనిపిస్తూనే ఉన్నదని ఒక స్నేహితుడు దయతో చెప్పి, ఉదాహరణలు కూడా చూపిన తరువాత దానిని చేర్చుకొన్నాడు. ఎంత నిజాయితీగా గళ్ళు నింపినా, గడి గీయని దోషం పుస్తకంలో ఎక్కదు. దానిని చెప్పటానికి ప్రక్కన మనిషి కావాలి. ఆ మనిషి చనువుతో చెప్పగలగాలంటే అంతకుముందు వారిద్దరూ ఎన్ని సాయంకాలాలు ఏవేవో మాట్లాడుకొని ఉండాలో!

తెలుగునాట సాధన ఎప్పుడూ ఉన్నది. సాధన పుస్తకమే లేదు. గరిడీలో సాము నేర్చేవాడు, తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసేవాడు లెక్కను నోటితో చెప్పుకొనేవాడు. నిన్నటి లెక్క, మొన్నటి లెక్క ఉస్తాదుకు గుర్తు. శిష్యుని భుజం చూచి, వాడు ఇంటి దగ్గర చేశాడో లేదో చెప్పగలిగేవాడు ఆయన. సంగీతంలోనూ ఇదే పద్ధతి: తెల్లవారుజామున చేసిన సాధకం గురువు ముందు కూర్చున్న మొదటి క్షణంలోనే తెలిసిపోయేది. అందువల్ల వ్రాసుకోవలసిన అవసరం కలగలేదు. నేడు పరుగు నేర్చుకొనేవానికి ఉస్తాదు లేడు. చదరంగం నేర్చుకొనే పల్లెటూరి బాలునికి యంత్రమే ప్రతిపక్షి. గురువు కన్ను లేనిచోట పుస్తకం ఆ కన్ను కావలసివచ్చింది. పెద్దలలో దినచర్య వ్రాసేవారు మన వైపున తక్కువే. గురజాడ అప్పారావు వ్రాసుకొన్నాడు గాని ఇంగ్లీషులో వ్రాసుకొన్నాడు. అవి తెలుగులో చదువుకొనే అదృష్టం ఆయన గతించిన ఎన్నో ఏండ్లకు గాని పాఠకులకు కలగలేదు.

సాధన పుస్తకం చేసే ముఖ్యమైన ఉపకారం ఏమంటే, జ్ఞాపకం చెప్పే ఇచ్చకాలను అది ఖండిస్తుంది. పోయిన నెలంతా క్రమం తప్పకుండా పరుగెత్తానని మనిషి మనసారా నమ్ముతాడు. పుస్తకం తీసి చూస్తే పదకొండు రోజులే తేలుతాయి. ఎప్పుడూ ఒకే విధమైన ఆటలో ఓడిపోతూ, ఆ రోజు తలనొప్పిగా ఉండబట్టి ఓడిపోయానని చెప్పేవానికి, ఏడు ఓటములు వరుసగా వ్రాసిపెట్టి చూపితే తలనొప్పి అనే మాట నోటికి రాదు. ఇట్టి చిన్న చిన్న నిజాలకు పుస్తకం చాలు.

పెద్ద నిజాలకు చాలదు. 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని 3 నిముషాల 59.4 సెకన్లలో పరుగెత్తి, నాలుగు నిముషాల హద్దు దాటిన మొదటి మానవుడయ్యాడు. అప్పటికి అతడు వైద్య విద్యార్థి. దీనికి ముందు అతడు చేసిన సాధన ఇట్లా ఉండేది: పావుమైలు చొప్పున పదిసార్లు పరుగు, ఒక్కొక్కసారికి నడుమ రెండు నిముషాల విరామం. 1953 డిసెంబరులో పావుమైలుకు 66 సెకన్లు పట్టేది. ఏప్రిల్ నాటికి 61కి దిగింది. అక్కడ ఆగిపోయింది. 60 కావాలి, ఎంత శ్రమపడినా 61 దాటి దిగటం లేదు. అంకెలు అంతవరకే చెప్పగలిగాయి. దారి మూసుకొన్నదని చెప్పాయి గాని ఏ ప్రక్కనుంచి పోవాలో చెప్పలేదు. అప్పుడు బానిస్టర్, తోడి పరుగరి క్రిస్ బ్రాషర్ స్కాట్లండు పోయి, పరుగు మాట మరచి, మూడు నాలుగు రోజులు కొండరాళ్ళు ఎక్కారు. కాలు జారి మడమ విరిగితే చరిత్ర మరొక విధంగా ఉండేది. అది వివేకవంతమైన పని అనటానికి వీలులేదు. తిరిగివచ్చి, కాస్త విశ్రమించి మళ్ళీ పరుగెత్తితే 59 సెకన్లు వచ్చింది. ఆ కొండల మీద వారు ఏమి మాట్లాడుకొన్నారో ఏ పుస్తకంలోనూ లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

పుస్తకం సేవకునిగా ఉన్నంతవరకు మంచిది. యజమాని అయినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవటానికి రాన్ హిల్ కథ చదవాలి. ఇతడు కూడా ఆంగ్లేయుడే. 1970లో బోస్టన్ మారథాన్ గెలిచినవాడు, రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందినవాడు. 1964 డిసెంబరు 20 మొదలు ప్రతిదినం కనీసం ఒక మైలు పరుగెత్తి, వ్రాసిపెట్టాడు. 1993లో కారు ప్రమాదంలో రొమ్ముటెముక విరిగినా మానలేదు. కాలికి శస్త్రచికిత్స జరిగిన రోజులలో చంకకర్రల సాయంతో ఆ మైలు పూర్తిచేశాడు. 2017 జనవరి చివర, 78 ఏండ్ల వయస్సులో, మైలులో పావు వంతు పోయేసరికి గుండెలో నొప్పి మొదలైంది. చనిపోతానేమో అనిపించినా ఆగక, 16 నిముషాల 34 సెకన్లకు మైలు ముగించి, ఇక చాలని మానుకొన్నాడు. 52 ఏండ్ల 39 దినాలు! చేతులెత్తి నమస్కరించవలసిన పట్టుదలే. కాని ఆ చివరి మైలు పూర్తిచేయించినది కాళ్ళూ కాదు, ఆరోగ్యమూ కాదు. ఖాళీగా మిగిలిపోతుందేమో అన్న ఒక్క గడి. పక్కన పరుగెత్తే స్నేహితుడు ఒకడు ఉండి, ఏమయ్యా, మొహం అట్లా ఉన్నదేమి అని అడిగి ఉంటే బాగుండేదని చదువరికి అనిపించక మానదు. నేడు మణికట్టు గడియారమే అడుగులు లెక్కపెట్టి, రోజు తప్పితే మందలిస్తున్నది గనుక, ఈ జబ్బు చాంపియన్లకే పరిమితం కాదు.

సాధన పుస్తకాన్ని పదిమందిలో చదవటం తగునా అన్నది మిగిలిన ప్రశ్న. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని లోకోక్తి. పన్నెండు చుట్లు తిరిగినవాడు గట్టిగా చదివితే, ఒక్క చుట్టుకే రొప్పిన క్రొత్తవాడు తన పుస్తకం సంచిలో దాచుకొంటాడు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. పదిమందికి చదవటానికని వ్రాసేవాడు మెల్లగా చెడ్డ రోజులను వదిలివేస్తాడు. తరువాత మంచి రోజులకు మెరుగులు దిద్దుతాడు. కొన్నాళ్ళకు అది కట్టుకథ అవుతుంది. కథ వ్రాయదలచుకొంటే ఇంతకంటె మంచి వస్తువులు ఎన్నో ఉన్నాయి.

అయినా బొత్తిగా దాచిపెట్టటమూ మేలు కాదు. ఈ విషయంలో రష్యా దేశపు చదరంగ విజేత బోత్వినిక్ పాటించిన భేదం గ్రహించదగినది. 1948లో ప్రపంచ విజేత అయిన ఈ ఇంజనీరు అభ్యాసం కోసం ఆడిన ఆటలను రహస్యంగా ఉంచాడు. పొగ త్రాగేవారి ఎదుట కూర్చుని ఆడటం అలవాటు కావటానికి, మిత్రుడు రగోజిన్‌ను బల్లకు అవతల కూర్చుండబెట్టుకొని, తన మొహం మీదికి పొగ వదలుతూ ఆడమన్నాడట. అట్టివి లోకానికి చాటుకోవలసినవి కావు. కాని తన ఆటల మీద తాను చేసిన విశ్లేషణలను మాత్రం అచ్చువేయించాలని, అచ్చువేస్తేనే ఇతరులు తప్పులు పట్టుకొంటారని, తప్పు పట్టేవారు లేని విశ్లేషణ తనను తాను మోసగించుకోవటమేనని అతని మతం. లెక్క దాచుకొన్నాడు, ఆలోచన బయటపెట్టాడు. సంఘాలలో సర్వసాధారణంగా జరిగేది దీనికి విపర్యయం. లెక్కలు గొంతెత్తి చదువుతారు. ఎందుకు అట్లా చేశారో అడిగితే చెప్పరు.

వినేవారి బాధ్యత కూడా లేకపోలేదు. క్రొత్తవాడు బెదురుతూ తన నాలుగు పంక్తులు చదివినప్పుడు చుట్టూ చేరి భేష్ భేష్ అనటం సులభం. అది పాతవారికి ఖర్చులేని ఔదార్యం. మోకాలి నొప్పి అని మూడుచోట్ల వ్రాశావు, ఆ మూడూ సోమవారాలే ఎందుకయ్యాయి అని అడగటానికి శ్రద్ధగా వినాలి. అట్లా అడిగే పాతవాడు ఒక్కడు దొరికితే ఆ సంఘంలో ఉస్తాదు తిరిగి పుట్టినట్లే. ఇట్టివారు ఉన్నచోట స్వంత సాధన చదవటాన్ని నిషేధించటం గురుత్వాన్ని నిషేధించటం అవుతుంది.

పిచ్చాపాటీకి కూడా మేరలు ఉన్నాయి. ఎన్నికల రోజులలో చదరంగ సంఘం రెండుగా చీలటం, కులం మాట వచ్చి పరుగు జట్టులో పలకరింపులు నిలిచిపోవటం ఎరుగనివారు లేరు. అయితే మేర విషయాలకు పెట్టి ప్రయోజనం లేదు. రాజకీయం వద్దు, సినిమా వద్దు అని పట్టిక వ్రాస్తే వాన గురించే పోట్లాడుకొనే సమర్థులు ఉంటారు. ఎదుట లేని మనిషిని గురించి, అతడు వింటే అనలేని మాట అనకూడదన్న ఒక్క కట్టుబాటు చాలు. ఆట సాగే బల్ల దగ్గర మౌనం, బయట వరండాలో మాట అన్న ఏర్పాటు కూడా కావాలి. వరండా లేని సంఘ భవనం కట్టించినవారిని ఏమి అనాలో తెలియదు.

ఇక పాఠశాలల సంగతి. విద్యార్థులచేత దినచర్య వ్రాయించాలన్న ఉత్సాహం అప్పుడప్పుడూ విద్యాధికారులకు కలుగుతూ ఉంటుంది. ఉత్తర్వు వస్తుంది, పుస్తకాలు కొంటారు, మార్కులు నిర్ణయిస్తారు. మార్కులు నిర్ణయించిననాడే దినచర్య చచ్చిపోతుంది. వేసవి సెలవులలో దినదినం వ్రాయవలసిన పుస్తకాన్ని బడి తెరిచే ముందు రోజు సాయంకాలం ఒకే కలంతో, ఒకే సిరాతో, నలభై రోజులూ ఉదయం అయిదు గంటలకే లేచినట్లు వ్రాసుకువచ్చే బాలుని ప్రతి ఉపాధ్యాయుడూ ఎరుగును. కళాశాలలో విజ్ఞానశాస్త్ర విద్యార్థుల రికార్డు పుస్తకాల గతీ ఇంతే. పోయిన ఏటి విద్యార్థి రికార్డు చూచి ఈ ఏటి విద్యార్థి వ్రాస్తాడు. ప్రయోగశాలలో లోలకం ఎట్లా ఊగినా పుస్తకంలో మాత్రం ఏటేటా ఒకే విధంగా ఊగుతుంది. అబద్ధం వ్రాయటానికి ఇంతకంటె క్రమబద్ధమైన శిక్షణ మరొకటి లేదు.

దినచర్య వ్రాయించదలచిన ఉపాధ్యాయుడు మొదట తానే ఒకటి వ్రాయాలి. వ్యాయామోపాధ్యాయుడు తన నడక లెక్క, తెలుగు ఉపాధ్యాయుడు తాను ఆ వారం చదివిన పుటల లెక్క, చదవలేకపోయిన రోజుల లెక్కతో సహా, తరగతిలో ఒకసారి తెరిచి చూపితే పిల్లలు ఆశ్చర్యపోతారు. అయ్యవారికి కూడా ఖాళీ రోజులు ఉంటాయన్న సంగతి వారికి అంతకుముందు తెలియదు. తరువాత పుస్తకం పెట్టుకోమని అడగనక్కరలేదు, పెట్టుకొనేవారు పెట్టుకొంటారు. ఎవరూ పెట్టుకోకపోవచ్చు కూడా. బలవంతం చేసి నింపించిన నలభై పుస్తకాలకంటె, ఒక బాలుడు తనంత తాను ఓటమి వ్రాసుకొన్న ఒక పుట విలువైనది.

ఆ పుస్తకంలో ఏ గళ్ళు ఉండాలన్న విషయంలో ఇంగ్లండులో సెల్బోర్న్ అనే పల్లెకు చెందిన మతగురువు గిల్బర్ట్ వైట్ అనుభవం పనికివస్తుంది. అతడు 1751లో తోటపని లెక్కలు వ్రాయటం మొదలుపెట్టాడు. ఏ రోజు ఏ విత్తు నాటాడో, దోసపాదుకు ఎన్ని బండ్ల ఎరువు వేశాడో, ఇట్టివే. 1768 నుంచి మిత్రుడు బారింగ్టన్ అచ్చువేయించిన పత్రాలు వాడాడు. అందులో ఉష్ణోగ్రతకు ఒక గడి, గాలి ఒత్తిడికి ఒక గడి, గాలి దిక్కుకు, వానకు, మొలిచిన మొక్కలకు, కనిపించిన పక్షులకు విడివిడిగా గళ్ళు ఉండేవి. అన్నిటికీ చివర, ఎందులోనూ చేరని సంగతులకు మరొకటి. మొదటి గళ్ళన్నీ శ్రద్ధగానే నింపాడు. వాతావరణ శాస్త్రజ్ఞులకు అవి నేటికీ ఉపయోగపడుతున్నాయి. కాని లోకం అతనిని ప్రేమించినది చివరి గడి సంగతులవల్ల. ఇంటికి ఎవరు వచ్చారో, మేనల్లుళ్ళు మేనకోడళ్ళ సంఖ్య ఎంతకు పెరిగిందో, తాబేలు ఎప్పుడు మట్టిలో దూరిందో అక్కడ వ్రాసేవాడు. ఆ తాబేలు అతని మేనత్తది. 1780లో ఆమె చనిపోయిన తరువాత ఇంటికి తెచ్చుకొన్నాడు. పేరు తిమోతి. దానికి చెవులు వినిపిస్తాయో లేదో తెలుసుకోవటానికి బాకా వంటి గొట్టం పెట్టి అరచి చూశాడు, అది లక్ష్యపెట్టలేదు. ఏటేటా తూకం వేశాడు. 1793 జూన్ నెలలో, మరణానికి కొద్దిరోజుల ముందు వరకూ వ్రాస్తూనే ఉన్నాడు. తాబేలు అతని తరువాత కూడా బ్రతికింది. దాని చిప్ప లండన్ మ్యూజియంలో ఉన్నది. పండితులు దానిని పరీక్షించి, తిమోతి మగది కాదు, ఆడది అని తేల్చారు. ఆ ఒక్క సంగతీ వైట్ పుస్తకంలో ఏ గడిలోనూ లేదు.